మైకు కమలాకర్ ఎండ దీక్ష

ఆ సోమవారం మైకు కమలాకర్ పెట్టుకున్న పని ఒక్కటే: అరగంట ఎండలో కూర్చోవడం.

తుమ్మలగడ్డ మండలంలో చీరల సేల్ అయినా, చావు కబురైనా, తప్పిపోయిన బర్రె అయినా ఆయన గొంతులోంచి వస్తేనే జనం నమ్ముతారు. ఆ గొంతును పదేళ్లుగా షట్టర్ దించిన గదిలో రికార్డు చేస్తూ, సూర్యుడి మొహం చూడకుండా, రోజుకు పద్నాలుగు తీపి చాయ్‌లు తాగుతూ బతికాడు. చివరికి దవడ పన్ను పుచ్చింది. ఆ పొద్దున తొలి బస్సుకు దేవరకొండ పోయి దాన్ని పీకించుకున్నాడు. ముందు వారం చేయించిన రక్తపరీక్ష రిపోర్టు చూసి అక్కడి డాక్టరమ్మ కండ్లద్దాలు తీసింది.

"విటమిన్ డి ముప్పై ఉండాలె, పన్నెండే ఉన్నది. గా విటమిన్ తక్కువుంటే పండ్లు పుచ్చే ముప్పు ఎక్కువ. మీదికెళ్లి గిన్ని చాయ్‌ల చక్కెర. ముందటి రెండు పండ్లకు గూడ నలుపు తగుల్తాంది. అవి పోతే నీ మైకు ఎట్ల మోగుతది? గోలీలేసుకో, చక్కెర బంద్ పెట్టు, రోజూ జర ఎండకు కూసో."

మధ్యాహ్నం దాకా నోట్లో దూది కరిచిపట్టి, మాట్లాడకుండా ఉండమని కూడా చెప్పింది.

ఊళ్లో బస్సు దిగాక కమలాకర్‌కు ఎండ దొరకలేదు. గది ఉన్న సందులోకి వెలుగే సరిగా రాదు. ఇంటి డాబా మీద ఆయన భార్య స్వరూప మిరపకాయలు ఆరబోసింది, కాలు పెట్టే జాగా లేదు. మిగిలింది మండల ఆఫీసు ముందరి మైదానం. అక్కడ చాప పరిచాడు. వీపుకు ఎండ తగలాలని అంగీ విప్పాడు. పుండులోకి దుమ్ము పోకుండా, నిరుడు అయ్యప్ప మాలకు కొన్న నల్ల తువ్వాలను నోటికి చుట్టి కట్టాడు.

తెలంగాణ కోసం ఊరూరా దీక్షలు నడిచిన నేల అది. ఆఫీసు ముందు ఒంటి మీద అంగీ లేకుండా, నోటికి నల్లబట్ట కట్టుకొని మనిషి కూర్చుంటే దాన్నేమంటారో అక్కడ పసిపిల్లలకూ తెలుసు. పైగా అది అర్జీలు ఇచ్చే సోమవారం.

మొదట రిటైరైన కండక్టర్ బాలయ్య ఆగాడు. ఏమైందని అడిగితే కమలాకర్ నోరు చూపించి, తర్వాత సూర్యుడి వైపు వేలెత్తాడు.

"సమజైంది," అన్నాడు బాలయ్య గంభీరంగా. "మన నోర్లు గట్టింది పైనోళ్లే."

గంటలో యాభై మంది చేరారు. ఉద్యమం అయిపోయాక టెంటుకు బేరాలు తగ్గి కుమిలిపోతున్న ఎల్లస్వామి షామియానా మోసుకొచ్చి నెత్తి మీద వేశాడు. ఎండ పోయింది. కమలాకర్ చాప లాక్కొని ఎండలోకి జరిగాడు. గుంజలు పీకి ఎల్లస్వామి మళ్లీ నీడ తెచ్చాడు. కమలాకర్ మళ్లీ జరిగాడు. మూడోసారికి ఎల్లస్వామి కండ్లు తుడుచుకున్నాడు.

"నీడ గూడ వద్దంటుండు. గీసుంటి మనిషిని ఉద్యమంల గూడ సూడలే."

ఎవరో వేడివేడి చాయ్ తెచ్చారు. కమలాకర్ రెండు చేతులతో నెట్టేశాడు. చాయ్ వాసన తగిలితే నిద్రలోంచి లేచే మనిషి చాయ్ కాదన్నాడంటే ఇది ఆమరణ దీక్షేనని అందరూ తేల్చుకున్నారు. బంతిపూల దండ మెడలో పడింది. ఏ డిమాండ్ కోసమో మాత్రం ఒక్కరికీ తెలియదు. బాలయ్య బస్సు కోసమన్నాడు, ఇంకొకరు మురికినీళ్ల మోరీ కోసమన్నారు.

మండల అధికారి బయటికి వచ్చి మర్యాదగానే అడిగాడు, ఏం కావాలని. కమలాకర్ తువ్వాల ముడి దాకా చెయ్యి పోనిచ్చి ఆపుకున్నాడు. ఎండకు కూర్చున్నానని చెబితే ఊరంతా నవ్వుతుంది. నవ్వులపాలైన గొంతు రేపు చావు కబురు చెప్పినా ఎవరూ నమ్మరు. పండ్లు మిగిలినా మైకు మిగలదు.

అప్పుడే స్వరూప చల్లారిన జావ గిన్నెతో వచ్చింది. టెంటు వైపొకసారి, నల్ల తువ్వాల మీది కండ్ల వైపొకసారి చూసింది. ఇరవై ఏళ్లుగా మొగుడి మాట కంటే ఆయన కండ్లనే ఎక్కువ నమ్మిన మనిషి. గిన్నెను కొంగు కిందికి జరిపింది.

"సారూ, మా ఆయన నోరు గట్టుకున్నది పంటినొప్పికి. గా నొప్పి గీయనొక్కనిదే గాదు. ఒక్క పన్ను పీకించుకుంటందుకు దేవరకొండ దాక పోవాలె, ఆ దినం కూలి పోవాలె. మన దవాఖానకు వారంల ఒక్కరోజన్న పండ్ల డాక్టర్‌ను తెప్పియ్యున్రి. అప్పటిదాక గీయన లేవడు."

ఆఖరి మాట తప్ప అందులో అబద్ధం లేదు. ముప్పై ఏళ్లుగా జర్దా నములుతున్న జంగమ్మ ముందుకొచ్చి నోరు తెరిచి చూపించింది. అధికారి రెండడుగులు వెనక్కి వేసి, అక్కడికక్కడే ఫోన్ చేశాడు. అరగంటలో మంగళవారం మంగళవారం డాక్టర్ వచ్చేలా కాగితం రాసిచ్చాడు. స్వరూప ఆ కాగితం రెండుసార్లు చదివి, తేదీ వేయించుకొని, అప్పుడు జావ గిన్నె బయటికి తీసింది. దీక్ష విరమించినందుకు జనం చప్పట్లు కొట్టారు. దండ కింద కమలాకర్ మాత్రం భార్యనే చూస్తూ కూర్చున్నాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

నెల తిరిగాక కొత్త డాక్టర్ మళ్లీ రక్తపరీక్ష రాశాడు. విటమిన్ పదకొండు. కమలాకర్ గోలీలు మరిచాడు. ఇక ఎండలో నిలబడితే చాలు, ఎల్లస్వామి షామియానాతో ఉరికొస్తున్నాడు.

"రేపటి సంది చేనుకు రా," అంది స్వరూప. గోలీల డబ్బా కూడా తన చేతిలోకే తీసుకుంది.

మూడు నెలలు కమలాకర్ పత్తిచేనులో కలుపు తీశాడు. చక్కెర మానాడు. విటమిన్ ముప్పై రెండుకు ఎక్కింది, ముందటి పండ్లు నిలిచాయి. ఆ చేనులో స్వరూప, మరో పదిమంది ఆడవాళ్లు ఇరవై ఏళ్లుగా అదే ఎండలో వంగి ఉన్నారు. వాళ్లకు టెంటు వేద్దామని ఎల్లస్వామికి ఇంతవరకు తోచలేదు.