తగ్గిందని చెప్పిన జ్వరం

ఒక పెద్ద అడవిలో దగ్గుజ్వరం అడుగుపెట్టిందని వినగానే లోపల్లోపల సంతోషించిన గోరింక ఒకటి ఉంది. అది నేనే. ఈ మాట ఇంతవరకు పైకి అనలేదు.

కారణం ఉంది. ప్రతి ఆదివారం మద్దిచెట్ల కింద మా సంఘం కూడుతుంది. పాటల గుంపులో ముందు నిలబడేది నేను. మా పాస్టరు గిద్యోను అయ్యగారు నెమలి. "ఇక ముగిస్తున్నాను" అన్నాకే ఆయన అసలు ప్రసంగం మొదలవుతుంది. పురివిప్పారంటే వెనక కూర్చున్నవాళ్లకి ఎండ కూడా తగలదు. జ్వరం పుణ్యమా అని కొన్నాళ్లు సెలవొస్తుందని ఆశపడ్డాను.

రాలేదు.

సంఘానికి ఆరోగ్య సలహాలు చెప్పడానికి కొంగ డాక్టరమ్మను పిలిచారు. ఆమెది పొడుగు ముక్కు. దూరం పాటించడం ఆమెకి పుట్టుకతోనే వచ్చింది.

"జ్వరమొచ్చినవాళ్లు ఇంట్లోనే ఉండండి, ఎవరినీ ముట్టుకోవద్దు. ఆయాసం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకుండా నాకు ఫోన్ చేయండి," అందామె.

సంఘపెద్ద బర్నబా ఎలుగుబంటి గడ్డం గోక్కున్నాడు. "అంతా బాగానే ఉంది గానీ డాక్టరమ్మా, ఇందులో ఆత్మీయ ప్రోత్సాహం ఏదీ? ఇలా భయపెట్టి పోతే ఎలా?"

"ఇంట్లో ఉండమనడం భయపెట్టడమా?"

"అదే ఓ బైబిలు వాక్యం ఎత్తి చెబితే బాగుండేది."

అయ్యగారు మెడ నిక్కించారు. "ప్రోత్సాహం సంగతి నేను చూసుకుంటాను."

చూసుకున్నారు. మా సంఘంలో సాక్ష్యం చెప్పడం పెద్ద ఆనవాయితీ. జబ్బు తగ్గినవాళ్లు ముందుకొచ్చి, మైకు పట్టుకుని, "నాకు స్వస్థత కలిగింది" అంటారు. తక్కినవాళ్లంతా వెళ్లి వాళ్ల చెయ్యి ముట్టుకుని దీవెనలో తలా కాస్త తెచ్చుకుంటారు. కానీ ఈ జ్వరం కొత్తది, ఇంకా ఎవరికీ తగ్గలేదు. సాక్ష్యాలు లేక కూటం చప్పబడింది. అప్పుడు అయ్యగారికి ఆ ఆలోచన తట్టింది.

"తగ్గాక కృతజ్ఞత ఎవడైనా చెబుతాడు. విశ్వాసి ముందే చెబుతాడు! జ్వరం ఉండగానే వచ్చి, తగ్గిందని సాక్ష్యమివ్వండి!"

ఇంకేముంది! జ్వరం వచ్చిన వాళ్లంతా మైకు దగ్గరే. ఒళ్లు కాలిపోతున్న కొండముచ్చు వచ్చి "చల్లగా ఉన్నాను" అంది. ముక్కు కారుతున్న దుప్పి అదే మైకు నోటికి ఆనించుకుని "హల్లెలూయా" అంది. మేమంతా వరసకట్టి చేతులు ముట్టుకున్నాం.

తగ్గిందని చెప్పినవాళ్లు మళ్లీ దగ్గితే బాగుండదు కదా. అందుకని బర్నబా నాకో పని అప్పజెప్పాడు.

"లోయమ్మా, ఎవరికి దగ్గొచ్చినా నువ్వు పల్లవి గట్టిగా అందుకో. సాక్ష్యం చెడకూడదు."

"అందరికీ ఒకేసారి వస్తేనో?"

"డప్పు ఉంది కదమ్మా."

తగ్గిందన్న నోటితో డాక్టరుకి ఫోన్ చేయడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? డాక్టరమ్మ ఫోను మోగనే లేదు. "ఆమెకి ఒక్క ఫోనూ రావట్లేదట! అంటే అడవిలో జబ్బే లేదు!" అని అయ్యగారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. కొట్టిన చేతుల్లో సగం వేడిగా ఉన్నాయి.

మా పొరుగున సువార్తమ్మత్త ఉంటుంది. తాబేలు. గూట్లోంచి జారిపడ్డ నన్ను పెంచింది ఆవిడే. ఇల్లు వీపు మీదే మోసుకు తిరిగే మనిషికి ఇంట్లో ఉండటం ఓ లెక్కా? కానీ ఆవిడకి జ్వరమొచ్చిందని తెలిశాక బర్నబా గుమ్మం వదల్లేదు. "ఏమ్మా, ఇంకా సాక్ష్యం లేదా? విశ్వాసం గానీ సన్నగిల్లిందా?" ఆదివారం అత్త పాక్కుంటూ వచ్చి, తగ్గిందని చెప్పి, పాక్కుంటూ వెళ్లింది. మధ్యలో దగ్గింది. పాట అందుకున్నది నేనే.

మర్నాడు అయ్యగారూ జ్వరాన పడ్డారు. పొద్దున్నే తన పొద ముందుకొచ్చి, "నాకూ తగ్గింది" అని చెప్పి, లోపలికెళ్లి కూలబడ్డారు. ఆయన ఒణుకుతుంటే "ఆత్మ దిగింది" అంటూ బర్నబా కూడా ఒణికాడు. రాలిన ఈకలు సంఘమంతా ఏరుకుని కళ్లకద్దుకుంది. ప్రోత్సాహం కోసం మా పాటల గుంపు బయట కూర్చుంది.

గాలికి దారిలోకి కొట్టుకొచ్చిన ఒకటి రెండు ఈకలు చూసి అనుమానమొచ్చి డాక్టరమ్మ తనే వచ్చింది. బర్నబా అడ్డం నిలబడ్డాడు.

"లోపల రోగులెవరూ లేరండీ. అయ్యగారు పొద్దున్నే సాక్ష్యమిచ్చారు."

"ఒక్కసారి చూసి పోతాను."

"చూస్తే అనుమానించినట్టు కాదూ?"

లోపల్నుంచి అయ్యగారు, "డాక్టరమ్మా, పోవద్..." అన్నారు. మిగతాది దగ్గులో కొట్టుకుపోయింది. దగ్గు వినపడటమే ఆలస్యం, మా గుంపు పల్లవి అందుకుంది. డప్పు పడింది. ఆయన పిలిచేకొద్దీ దగ్గొచ్చింది. దగ్గేకొద్దీ మేం పాడాం. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి ఎగిరిపోయింది.

బర్నబా కళ్లు ఒత్తుకున్నాడు. "ఏం ఆరాధన! అయ్యగారు కూడా లోపల్నుంచి గొంతు కలిపారు."

'పోవద్' దాకా నాకు స్పష్టంగా వినపడింది. అక్కణ్ణించి తిన్నగా అత్త దగ్గరికెళ్లాను. తల చిప్పలోకి లాక్కుని ఉంది. ఊపిరి ఎండుటాకులు ఈడ్చినట్టుంది.

"అత్తా, డాక్టరమ్మకి ఫోన్ చేస్తా."

"వద్దే. తగ్గిందని నలుగురిలో చెప్పాను. ఇప్పుడావిడ వస్తే నా సాక్ష్యం ఏమవుతుంది?"

"అబద్ధమవుతుంది. అంతేగా."

"నోర్ముయ్. పాటలు పాడే పిల్లవి, అవేం మాటలు?"

"మరి డాక్టరమ్మని ఎవరు పుట్టించారత్తా? సాతానా?"

చిప్పలోంచి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. అలవాటు కొద్దీ నా గొంతులోకి పల్లవి వచ్చేసింది. మింగేశాను. అన్నాళ్లలో ఒక దగ్గుని చివరిదాకా వినడం అదే మొదలు.

కాస్త తెరిపిన పడ్డాక, "బర్నబా ఏమంటాడో," అంది అత్త.

"అననీ. నీకు ఆయాసమొస్తే ఊపిరి పీల్చేది అతనా?"

అత్త వద్దనలేదు. "సరే, మెల్లగా మాట్లాడు. పక్కవాళ్లు వింటారు," అంది.

నీతి కావాలంటే ఇదిగో: సాక్ష్యం చెప్పడానికైనా ఊపిరి ఉండాలి.

ఇక మెల్లగా మాట్లాడటమంటారా, అది నా వల్ల కాదు. ఇప్పుడే డాక్టరమ్మకి ఫోన్ చేస్తాను. ముందు అత్త సంగతి చెబుతాను. ఆ తర్వాత అయ్యగారి సంగతి కూడా. పాపం, పోవద్దన్నారు కదా.