పెద్ద తెర ల్యాప్‌టాప్

2008లో ఒక ఆదివారం పొద్దున, పుంగనూరులో పెళ్లి వీడియోలు తీసే హనుమంతు ల్యాప్‌టాప్ కొనడానికి మదనపల్లె బస్సెక్కాడు. పెళ్లిళ్ల సీజను ముగిసింది, చేతిలో పెద్దగా ఏమీ లేదు. అయినా కొనక తప్పదు. భార్య కృష్ణవేణి పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచి తన దగ్గరే ఉంటున్న అత్త రెడ్డెమ్మ ఇన్నాళ్లకు నోరు తెరిచి ఒకే ఒక్కటి అడిగింది.

"ఫోటోలో బిడ్డ ఉలకదు, పలకదు. నీ క్యాసెట్లలో యాడన్నా ఉంటాది. సంవత్సరీకం లోపల ఒగసారి సూపీ అప్పా."

ఉండే ఉంటుందనుకున్నాడు హనుమంతు. ప్రతి పెళ్లిలోనూ అతని పక్కన నిలబడి లైటు పట్టుకున్నది కృష్ణవేణే మరి. ఆ ముక్కలన్నీ ఏరి ఒకచోట కలపాలంటే కంప్యూటరు కావాలి.

సెకండ్ హ్యాండ్ షాపు వెంకటముని ర్యామ్ ఎంత, హార్డ్ డిస్క్ ఎంత అని పరీక్షలో అడిగినట్టు అడిగాడు. మధ్యలో ఆగిపోకుండా ఉంటే చాలన్నాడు హనుమంతు. అతని డబ్బుకు రెండే వచ్చాయి. ఒకదానికి అన్నీ పనిచేస్తాయి, తెర మాత్రం చిన్నది. రెండోది పెద్ద తెర, మంచి వేగం.

"దీనికి సౌండు మాత్రం రాదన్నా. లోపల బోర్డే పోయిండాది" అన్నాడు వెంకటముని.

హనుమంతుకు నవ్వొచ్చింది. పెళ్లి వీడియోలో అసలు సౌండు ఎవడిక్కావాలి? ఆ గోలంతా తుడిచేసి సినిమా పాటలు ఎక్కించడమే పద్ధతి. ఆ పని స్టూడియోవాళ్లు చూసుకుంటారు. క్యాసెట్లు చూసేటప్పుడు కెమెరా సౌండు పూర్తిగా తగ్గించేయడం అతనికి మొదటినుంచీ అలవాటు. పైగా అత్తకు కళ్లు సరిగా ఆనవు. పెద్ద తెరే కొన్నాడు.

ఆ సంబరంలో కుప్పంలో ఉన్న బావమరిది గంగులప్పకు ఫోన్ చేసి, వచ్చే ఆదివారం అక్కను చూపిస్తానని మాటిచ్చాడు. గంగులప్ప ఆ సంగతి ఇద్దరికి చెప్పాడు. పక్కనున్న గుడుపల్లె చేరేసరికి ఆ మాట కృష్ణవేణి మీద తీసిన సినిమా అయింది. ఆదివారం పొద్దునకు జీపు నిండా బంధువులు దిగారు, వాళ్ల వెనక చిత్రాన్నం గంప దిగింది. ఇరుగుపొరుగు తలా నాలుగు కుర్చీలు తెచ్చి వేశారు. ఒక పెద్దమ్మ గడపలోనే ఏడుపు మొదలుపెట్టి, మధ్యలో ఆపి, రెండో ఆట ఉంటుందా అని అడిగింది.

హనుమంతు ఎవరి మొహమూ చూడకుండా ల్యాప్‌టాప్ వైర్లు సర్దుతున్నాడు. వారమంతా క్యాసెట్లు వెతికాడు. కృష్ణవేణి ఎక్కడా లేదు. ఆమె పట్టిన లైటు వెలుగంతా ఊళ్లోవాళ్ల మొహాల మీదే పడింది. దొరికింది ఒక మోచేయి, గోడ మీద ఒక నీడ. చెప్పడానికి నోరు రాక, చివరికి అవే వేశాడు.

రెడ్డెమ్మ మొహం తెరకు ఆనించి చూసింది. "ఏదప్పా బిడ్డ? నాకు ఆనడంల్యా."

"ల్యాదత్తా" అన్నాడు హనుమంతు. "ఇన్నేండ్లు పక్కనే నిలబెట్టుకొని తిప్పినాను. ఒగసారన్నా కెమెరా ఆ పక్కకు తిప్పల్యా."

పెద్దమ్మ ఏడవడం మరిచిపోయింది.

"అగపడకుంటే పోనీలే" అంది రెడ్డెమ్మ. "మాటన్నా ఇనపడదా?"

"దీనికి సౌండు ల్యా మా" అని గంగులప్ప గొణిగాడు.

హనుమంతు లేచి కెమెరాలో క్యాసెట్ పెట్టి, దాని వైరు మూలనున్న టీవీకి తగిలించి, సౌండు పూర్తిగా పెంచాడు. మేళం మోత. దాని మధ్యనుంచి, కెమెరాకు ఇటువైపునుంచి, కృష్ణవేణి గొంతు.

"కొంచెం నవ్వమ్మా పెండ్లికూతురా. ఈ పొద్దన్నా నవ్వల్ల." కాసేపాగి, దగ్గరగా, మెల్లగా: "ఏమయ్యా, సెయ్యి నొప్పి పుడతాండాది. ఇంగా ఎంతసేపు?"

రెడ్డెమ్మ టీవీ వైపు చూడనే లేదు. కళ్లు మూసుకుని ఇంకోసారి వేయమంది. హనుమంతు క్యాసెట్ వెనక్కి తిప్పాడు. పొద్దుగూకేదాకా తిప్పుతూనే ఉన్నాడు, ఏడుస్తూనే ఉన్నాడు.

ఆ టీవీ, ఆ కెమెరా మొదటినుంచీ ఇంట్లోనే ఉన్నాయి.