పదకొండు వందల నలభైముగ్గురు దాతలు

సోమవారం పొద్దున్న నిఖిత పెట్టుకున్న పని చాలా చిన్నది. సంఘం ఆఫీసుకు వెళ్ళాలి, కార్యదర్శి బుచ్చిరాజుగారి చేత ఒక సంతకం పెట్టించుకోవాలి, పదకొండింటి బస్సుకు ఇంటికి వచ్చెయ్యాలి.

అమలాపురం పక్కనే పన్నెండుమంది ఆడవాళ్ళు కొబ్బరిపీచుతో తాడు పేని, కాళ్ళు తుడుచుకునే పట్టాలు నేసే సంఘం అది. దానికి అధ్యక్షురాలు నిఖిత మేనత్త ఎలీసమ్మ. ముప్ఫై ఏళ్ళు తాడు పేనీ పేనీ ఆవిడ అరచేతులు గరుకెక్కిపోయాయి. చర్చిలో ఎవరైనా చెయ్యి కలిపితే ఆవిడే ముందుగా సిగ్గుపడి వెనక్కి తీసుకునేది. ముప్ఫయ్యో తారీఖులోగా ఆన్‌లైన్ దుకాణం తెరిచి, ఒక్క ఆర్డరు చూపిస్తే తాడు పేనే మోటారు యంత్రం ఇస్తామని, లేకపోతే దాన్ని అంతర్వేది సంఘానికి పంపేస్తామని పైఅధికారి చెప్పి వెళ్ళాడు. ఎలీసమ్మకు ఆ యంత్రం కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

కంప్యూటర్ చదువు చదివిన నిఖిత రెండు వారాలు కూర్చుని ఆన్‌లైన్ దుకాణం నడిపే మూడు షాపింగ్ కార్ట్ సాఫ్ట్‌వేర్లు పరీక్షించింది. మొదటిది పెళ్ళిపందిరిలా ఉంటుంది, మామూలు ఫోనులో తెరుచుకోదు. రెండోదానిలో నెట్ పోతే బుట్టలో వేసిన సరుకూ పోతుంది. మూడోది రేషన్ షాపులా సాదాగా ఉంటుంది గానీ చెప్పిన పని చేస్తుంది. దాన్ని వాడుకోవడానికే బుచ్చిరాజుగారి సంతకం కావాలి.

"మూడోదే బాగుందంటావు. ఆయ్. బిల్లేదమ్మా?" అన్నారు బుచ్చిరాజుగారు.

"బిల్లుండదండీ. ఓపెన్ సోర్స్. ఊరికే వాడుకోవచ్చు."

"ఊరికే ఎవరిచ్చేరు?"

"చాలామంది కలిసి రాసేరండీ. ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకుని వాడుకోమని వదిలేసేరు."

బుచ్చిరాజుగారు సహకార శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు తెలిసినంతవరకు ఏ వస్తువైనా ఆఫీసులోకి రెండే దారుల్లో వస్తుంది. కొంటే బిల్లుంటుంది. బిల్లు లేకపోతే అది దానం. దానమైతే దాత పేరుండాలి. ఆయన తలమీద తిరుగుతున్న ఫ్యాను మూడు రెక్కల మీదా కొబ్బరితోటల మురళీమోహన్‌గారి పేరుంది. ట్యూబులైటు మీద ఎవరి నాన్నగారి జ్ఞాపకార్థమో ఎర్రరంగుతో ఎంత ఒత్తుగా రాశారంటే, వెలుగు సగమే కిందికి దిగుతుంది.

"పేరు రాయకుండా దానం పుచ్చుకోకూడదమ్మా. మర్యాద కాదు," అన్నారాయన.

ఇక్కడ నిఖిత ఒక పొరపాటు చేసింది. నిజం చెప్పింది.

"రాసినవాళ్ళ పేర్లు తీసెయ్యకూడదని లైసెన్సులోనే ఉందండీ. జాబితా దాంతోపాటే వస్తుంది."

"చూసేవా, వాళ్ళే అడిగేరు. ఎంతమందేంటి?"

"పదకొండు వందల నలభైముగ్గురండీ."

బుచ్చిరాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన బెదరలేదు. సర్వీసు మొత్తంలో ఇంత పెద్ద దాతల జాబితా చూడని మనిషి, సంతోషం పట్టలేకపోయారంతే. సంతకం పక్కకు జరిగి, దాతల రిజిస్టరు బల్లమీదికి వచ్చింది. అందులో పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు అని మూడు గడులున్నాయి. నిఖిత పదకొండింటి బస్సు పోయింది, రెండింటి బస్సూ పోయింది. జాబితాలో సగం పేర్లు అసలు పేర్లే కావు, కంప్యూటర్లో పెట్టుకున్న ముద్దుపేర్లు.

"గుడ్లగూబ డెబ్బై ఏడు. ఈయన తండ్రిగారి పేరు?"

"తెలీదండీ."

"పోనీ ఊరు?"

"అదీ తెలీదండీ."

"గుప్తదాత అని రాయమ్మా," అన్నారు బుచ్చిరాజుగారు భక్తిగా.

మంగళవారం రాళ్ళు చెక్కే ఏసుపాదాన్ని పిలిపించారు. అతను జాబితా తూకం వేసినట్టు చేత్తో పట్టుకుని చూసి, ఇన్ని పేర్లకు నిలువెత్తు గ్రానైటు రాళ్ళు నాలుగు కావాలన్నాడు. సంఘం షెడ్డు చుట్టూ తిరిగొచ్చి, అంత బరువు మొయ్యగల గోడ ఒక్కటే ఉందనీ, అది తలుపున్న గోడేననీ తేల్చాడు.

"తలుపు మూసేస్తే భేషుగ్గా కుదురుద్దండీ," అన్నాడు.

ఆ మాట బుధవారానికి మురళీమోహన్‌గారి చెవిన పడింది. ఆయన కారు దిగి, సరాసరి ఫ్యాను కింద నిలబడ్డారు.

"ఊరూ పేరూ లేని గుడ్లగూబకి గ్రానైటు రాయీ, నాకు ఫ్యాను రెక్కా అండీ? ఇది తిరుగుతున్నంతసేపూ నా పేరు ఎవరు చదివేరు?"

న్యాయమే. బుచ్చిరాజుగారు నిఖిత వైపు తిరిగి, ఆన్‌లైన్ దుకాణంలో మొట్టమొదట మురళీమోహన్‌గారి ఫొటో పెట్టమన్నారు.

"అలా కుదరదండీ," అంది నిఖిత.

"ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకోవచ్చన్నావు కదమ్మా."

డబ్బుపోసి కొన్న సాఫ్ట్‌వేరైతే కంపెనీ ఒప్పుకోదండీ అని తప్పించుకోవచ్చు. ఆ సౌకర్యం ఎంత విలువైనదో పాపం ఆ పిల్లకు అప్పుడు తెలిసొచ్చింది. మురళీమోహన్‌గారి ఫొటో పెట్టాక ట్యూబులైటు దాతకు పెట్టక తప్పలేదు. తర్వాత కుర్చీల దాతలు, గోడగడియారం దాత, మంచినీళ్ళ డ్రమ్ము దాత వరసగా శాలువాలు కప్పుకున్న ఫొటోలు పంపించారు. శుక్రవారానికి ముప్ఫై ఒక్కరు తేలారు. సరుకు వేసుకునే బుట్ట బొమ్మ మీద కూడా ఎవరి మామ్మగారి జ్ఞాపకార్థమో ఎక్కింది.

ఎలీసమ్మ మేనకోడలి ఫోను తీసుకుని చాలాసేపు వేలితో పైకి తోసింది.

"మన పట్టాలెక్కడున్నాయే?"

"అడుగున ఉన్నాయత్తా."

"కాళ్ళకింద వేసుకునేవే కదా, అడుగునే ఉండనిమ్మన్నారా?"

"ఆయ్."

ఎలీసమ్మకు ఒళ్ళు మండిపోయింది. అయినా గోదావరి మనిషి కదా, ఆఫీసుకు వెళ్ళి మర్యాదగానే అడిగింది.

"రాజుగారూ, రేపు సోమవారమే ముప్ఫయ్యో తారీఖండి. యంత్రం చెయ్యిజారిపోతే మీ దాతల్లో ఎవరైనా వచ్చి తాడు పేనుతారంటారా?"

బుచ్చిరాజుగారు నిజంగా నొచ్చుకున్నారు. కాస్త ఆలోచించి, తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టారు.

"దాతల్ని పిలవలేదండీ మనం. పిలుపు లేకపోతే శుభం ఎలా జరుగుద్ది?"

ఆదివారం సాయంత్రం ఆయన చెబుతుంటే నిఖిత ఇంగ్లీషులో రాసి, పదకొండు వందల నలభైముగ్గురికీ, జాబితాలో పేర్ల పక్కనున్న మెయిలు చిరునామాలకు ఉత్తరం పంపింది. తమరు చేసిన మేలు మరువలేమనీ, తమ పేరు రాతిమీద చెక్కిస్తున్నామనీ, సకుటుంబంగా విచ్చేసి, భోజనం చేసి వెళ్ళాలనీ దాని సారాంశం. చివర దుకాణం లింకు పెట్టింది. అలసిపోయి, కనీసం ఈ ఉత్తరంలోనైనా దాతల ఫొటోలన్నీ దాటించి నేరుగా పట్టాల దగ్గర తెరుచుకునేలా పెట్టింది.

సోమవారం అధికారి వచ్చి, కుర్చీలో కూర్చుని తన ఫోనులో దుకాణం తెరిచాడు.

"పట్టాలేవండీ?"

"కిందికి రండి సార్," అన్నారు బుచ్చిరాజుగారు. "ఇంకాస్త కిందికి. ఆయన మా గడియారం దాత. ఇంకా కిందికి."

అధికారి వేలు నొప్పెట్టి ఆగిపోయాడు. ఎలీసమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు ఎవరికీ చూపించడం ఆవిడకు ఇష్టం లేదు. అప్పుడే నిఖిత ఫోను మోగింది. మళ్ళీ మోగింది. ఆ తర్వాత ఆగలేదు.

"ఆర్డర్లత్తా," అంది నిఖిత. ఒక ఆర్డరుతోపాటు వచ్చిన ఉత్తరం పైకి చదివి, తెలుగులో చెప్పింది. "పదకొండేళ్ళుగా ఈ సాఫ్ట్‌వేరు రాస్తున్నాను. తప్పులున్నాయని వేలమంది రాశారు. మేలు చేశావని రాసింది మీరొక్కరే. భోజనానికి రాలేను గానీ, రెండు పట్టాలు పంపండి." కింద సంతకం గుడ్లగూబ డెబ్బై ఏడు.

అధికారి కాఫీ తాగడం పూర్తయ్యేసరికి రెండువందల పన్నెండు పట్టాలకు ఆర్డర్లొచ్చాయి. ఆయన లేచి నిలబడి ఎలీసమ్మకు నమస్కారం పెట్టాడు.

"విదేశాలకి కూడా అమ్మేస్తున్నారు. చాలా గొప్ప విషయమండీ. అయితే ఈ పథకం అభివృద్ధి చెందని సంఘాలకండి. అంతర్వేది వాళ్ళు పాపం ఇంకా దుకాణమే తెరవలేదు. యంత్రం వాళ్ళకివ్వడమే న్యాయం కదండీ?"

"ఒక్క ఆర్డరు చూపించమన్నారు కదండీ," అంది ఎలీసమ్మ.

"ఒక్కటే చూపించి ఉంటే ఇచ్చేసేవాళ్ళమండీ," అన్నాడాయన నిజమైన విచారంతో.

ఆయన వెళ్ళాక ఎలీసమ్మ వేళ్ళమీద లెక్క కట్టింది. పన్నెండుమంది చేత్తో పేనితే ఆ పట్టాలు పూర్తవడానికి నాలుగు నెలలు పడుతుంది. పదిరోజులు పోయాక ఆవిడ అంతర్వేది సంఘం అధ్యక్షురాలు రమణమ్మకు ఫోను చేసింది.

"యంత్రం వచ్చిందంటండీ?"

"వచ్చిందండీ. ఏం లాభం, పనే లేదు. ముసుగేసి కూర్చోబెట్టేం."

"మా దగ్గర పనుందండీ. రేపు మొదటి బస్సుకి పీచు పట్టుకొచ్చేస్తాను. పేనిచ్చిన తాడుకి మీ వాటా మీకే."

"ఆయ్, వచ్చెయ్యండి," అంది రమణమ్మ.

ఆ ఏడాది శాఖవారి నివేదికలో అంతర్వేది సంఘం యంత్రంతో బాగుపడిన సంఘంగానూ, ఎలీసమ్మ సంఘం యంత్రం అక్కర్లేకుండానే బాగుపడిన సంఘంగానూ చోటు సంపాదించుకున్నాయి. రెండిటి మధ్యా రోజూ పీచు మోసిన బస్సు సంగతి అందులో లేదు.