ఐడెల్లా కూర్చునే సీటు

ఆ శుక్రవారం పొద్దున థర్మన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తన పాత రెండు సీట్ల ఫోర్డ్ రోడ్‌స్టర్‌కి వెనక షాక్ అబ్జార్బర్లు నిలబెట్టే పట్టీలు అతకాలి. మధ్యాహ్నానికి చేతులు కడుక్కోవాలి. మర్నాడు భార్య ఐడెల్లాని పక్కన కూర్చోబెట్టుకుని, ఎండిపోయిన సరస్సు మీద జరిగే కార్ల పరుగులకి తీసుకెళ్ళాలి. పెళ్ళికి ముందు వాళ్ళిద్దరూ కలుసుకున్నది అక్కడే.

ఐడెల్లా ఎముకల్లోకి జబ్బు పాకింది. డాక్టరు మందులు మార్చడం కూడా మానేశాడు. ఆమె అడిగింది ఒక్కటే, ఆ సరస్సు ఇంకోసారి చూడాలని, అదీ ఆ కారులోనే వెళ్ళి. కారు బరువు తగ్గితే ఇంకాస్త జోరుగా పోతుందని కుర్రతనంలో థర్మన్ వెనక షాకులు పీకి పారేశాడు. అప్పట్నుంచీ అది గుంటలో పడితే ఆరోగ్యంగా ఉన్నవాడికే నడుం పట్టేస్తుంది.

పట్టీ ఎక్కడ అతకాలన్నది కారులో మనుషులు ఎక్కాకే తేలుతుంది. ఆ బరువుకి వెనక భాగం ఎంత దిగితే, అక్కడ షాకు సగం సాగి సగం ముడుచుకుని ఉండాలి. అందుకే ముందు వెల్డింగు చుక్కలతో నిలబెట్టి, ఓ చుట్టు తిప్పి చూసి, ఆ తర్వాతే పూర్తిగా అతుకుతారు. బేకర్స్‌ఫీల్డ్ ఊళ్ళో గరాజు ఉన్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు.

నిప్పురవ్వలు పడతాయని పెట్రోలు ట్యాంకు విప్పి బయటపెట్టి, దాని బరువుకి ఇసుక మూట సర్దారు. థర్మన్‌కి బదులు బావమరిది వెండెల్ స్టీరింగు ముందు కూర్చుంటానన్నాడు. ఇక మిగిలింది ఐడెల్లా సీటు.

"అక్కనే పిలుద్దాం బావా."

"నిద్రపోతోంది, లేపకు. రెండువందల పౌండ్ల బరువు ఏదన్నా చూడు, సరిపోతుంది."

"రెండువందలా? అది ఎప్పటి లెక్క?"

"నా పెళ్ళాం బరువు నాకు తెలీదురా?"

వెండెల్ గరాజులోంచి బయటికి నడిచాడు. పక్కింటి ఓపలీన్ వారం వారం అక్కని ఆసుపత్రికి తీసుకెళ్తుంది కదా, ఆవిడకి తెలిసి ఉంటుందని కంచె దాకా వెళ్ళాడు.

"ఓపలీన్‌గారూ, మా అక్క బరువెంతో మీకేమైనా తెలుసా? రేపు తీసుకెళ్ళాలి. బావని అడిగితే కసురుతున్నాడు."

మొక్కలకి నీళ్ళు పెడుతున్న ఓపలీన్ చేతిలో గొట్టం కిందపడింది. "అయ్యో వెండెల్! రేపేనా?"

"తెల్లారుతూనే. ఎండెక్కితే కష్టం కదండీ."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. బరువు సంగతి తేలకుండానే వెండెల్ వెనక్కి వచ్చాడు.

ఆ వీధిలో చావింటికి వట్టి చేతుల్తో వెళ్ళడం మహా తప్పు. శవపేటిక కోసమే బరువు అడిగాడనుకున్న ఓపలీన్ ఏడుస్తూనే ఓవెన్ వెలిగించి, కోడిమాంసం, నూడుల్స్, చీజు గిన్నెలో పేర్చి లోపల పెట్టింది. అది కాలేలోపు పాస్టర్ గాస్కిన్‌కి ఫోన్ చేసింది.

పాస్టర్ గాస్కిన్ భారీ మనిషి. తిన్నగా గరాజుకే వచ్చి, కారు కిందనుంచి బయటికి కనిపిస్తున్న బూట్లని చూసి టోపీ తీశాడు.

"ధైర్యంగా ఉండు థర్మన్."

"బాగానే ఉన్నానండీ. పట్టీలే కుదరట్లేదు."

"ఆమెని ఎక్కడికి తీసుకెళ్తున్నావు?"

"సరస్సుకి. తనే అడిగింది."

తన బూడిద అక్కడ చల్లమందన్నమాట అనుకుని పాస్టర్ కళ్ళు తుడుచుకున్నాడు. థర్మన్ కారు కిందనుంచి జారి బయటికొచ్చి, ఆయన్ని పాదాల నుంచి తలదాకా కొలిచినట్టు చూశాడు.

"పాస్టర్‌గారూ, ఒక్కసారి ఐడెల్లా సీట్లో కూర్చుంటారా?"

దుఃఖంలో ఉన్నవాడి మాట కాదనకూడదని నలుగురికీ చెప్పే మనిషి. కూర్చున్నాడు. కారు వెనక భాగం మూలుగుతూ కిందికి దిగింది.

"సరిగ్గా ఇంతే! కదలకండి!" అని థర్మన్ మళ్ళీ కారు కిందికి దూరాడు.

పాస్టర్ కళ్ళు మూసుకుని, పోయినామె ఆత్మశాంతికి లోలోపలే ప్రార్థన మొదలుపెట్టాడు. రేపటి ప్రయాణం కోసమే కాబోలనుకుని స్టీరింగు ముందున్న వెండెల్ భక్తిగా తల వంచాడు. ఇంత బరువు మళ్ళీ దొరుకుతుందో లేదోనని థర్మన్ చుక్కలతో ఆపలేదు. నాలుగు పట్టీలూ ఒక్క ఊపున పూర్తిగా అతికేశాడు.

అప్పుడే ఇంటి ముందునుంచి ఓపలీన్ వేసిన పెద్ద కేక వినిపించింది. కాసేపటికి గరాజు గుమ్మంలో, రెండు చేతులా వేడి గిన్నె పట్టుకుని ఐడెల్లా ప్రత్యక్షమైంది. వెనకాల ఓపలీన్ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"థర్మన్, నేను పోయానంట. నాకొక్క మాట చెప్పకూడదూ?"

పాస్టర్ ప్రార్థన మధ్యలోనే తెగిపోయింది. "అమ్మా, మీ సీటండీ," అంటూ గబగబా దిగబోయి ఆ చిన్న డోరులో ఇరుక్కున్నాడు. వెండెల్ వెనకనుంచి తోస్తే గాని బయటపడలేదు. నవ్వీ నవ్వీ నిలబడలేక ఐడెల్లా వచ్చి తన సీట్లో కూలబడింది. అందరూ నవ్వారు.

ముందుగా నవ్వు ఆపింది థర్మన్. పాస్టర్ దిగగానే పైకి లేచిన కారు, ఐడెల్లా ఎక్కినా అక్కడే ఉండిపోయింది. వంగి చూస్తే షాకులు రెండూ చివరిదాకా సాగి ఉన్నాయి.

"స్ప్రింగు పట్టేసినట్టుంది. వెండెల్, జాకీ పట్రా."

"స్ప్రింగు బాగానే ఉంది థర్మన్."

"కాదు, ఎక్కడో ఏదో..."

"నేనే తగ్గాను. ఇన్నాళ్ళూ నీ ఎదురుగానే కూర్చుని తింటున్నా కదా, చూడలేదా?"

చూశాడు. గౌన్లకి కుట్టు మీద కుట్టు వేసి బిగించుకుంటుంటే చూశాడు. ఉంగరం వేలికి ఆగక మెళ్ళో గొలుసుకి తగిలించుకుంటే చూశాడు. చూసింది నమ్మితే ఆ తర్వాత రాబోయేది కూడా నమ్మాలి. అది చేతగాక రెండువందల పౌండ్ల దగ్గరే ఆగిపోయాడు. ఇప్పుడు పాస్టరున్నాడని కూడా చూడకుండా గరాజు నేలమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఓదార్చడానికని వచ్చిన పాస్టర్ టోపీతో అతనికి విసరడం మొదలుపెట్టాడు.

చివరికి ఐడెల్లాయే అంది. "ఏడ్చింది చాలు. రేపు నా నడుం విరగ్గొడతావా, ఇప్పుడు ఆ పట్టీలు కోస్తావా?"

థర్మన్ కోశాడు. కోసి మళ్ళీ నిలబెట్టినంతసేపూ ఐడెల్లా సీటు దిగలేదు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని నాలుగు చెంచాలు తిని, ఉప్పెక్కువైందంది. తన చావుకి వండిన వంటకి వంక పెట్టే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది గనక! ఈసారి థర్మన్ పద్ధతి తప్పలేదు. ముందు చుక్కలే వేశాడు, ట్యాంకు తగిలించి ఆమెని వీధి చుట్టూ మెల్లగా తిప్పాడు, దాన్ని మళ్ళీ విప్పి అప్పుడే అతికాడు.

మర్నాడు దారి పొడుగునా ఐడెల్లా ఒక్కసారి కూడా మూలగలేదు. సరస్సు ఒడ్డున కార్లు దుమ్ము లేపుకుంటూ పోతుంటే, థర్మన్ గ్రీజు చేతిని తన చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఆ ఏడు పత్తి ఏరే కాలానికి ఆమె లేదు.

ఇప్పుడు ఆ సీట్లో ఎవరు కూర్చున్నా కారు వెనక భాగం దిగబడి, చిన్న గుంటకే షాకులు పూర్తిగా ముడుచుకుని ఠంగుమంటాయి. వెండెల్ వచ్చినప్పుడల్లా పోరుతుంటాడు. "ఒక్క పూట పని బావా. పట్టీలు కాస్త జరిపితే చాలు, ఎవరైనా కూర్చోవచ్చు."

"చూద్దాంలేరా, తీరిక దొరకనీ," అంటాడు థర్మన్.

రిటైరైనప్పట్నుంచీ అతనికి దొరుకుతున్నది అదొక్కటే.