ఐదో చీటీ

ఆదివారం పొద్దున కాఫీలు చల్లారేలోగా సముద్రం సంగతి తేల్చెయ్యాలని కళ్ళజోళ్ళాయన ముందురోజే నిశ్చయించుకున్నాడు. వీధి మలుపులో ఉన్న అతని కళ్ళజోళ్ళ దుకాణంలో కొత్త బీరువాలు బిగిస్తున్నారు, అందుకని వారం రోజులు మూత. ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేసే భార్యకు మూడేళ్ళ తర్వాత నాలుగు రోజులు సెలవు దొరికింది. ఇంట్లో పెద్దవాళ్ళిద్దరి మోకాళ్ళూ ప్రస్తుతానికి చెప్పిన మాట వింటున్నాయి. ఇన్నీ ఒక్కసారి కలిసిరావడం మళ్ళీ జరగదు.

చిక్కల్లా ఏ ఒడ్డుకు వెళ్ళాలన్నదే. ఆ పెద్దవాళ్ళలో ఒకరు అతని తల్లి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసింది. చుట్టూ పదిమంది మాట్లాడుతుంటే తప్ప ఆవిడకు ఊపిరాడదు. రెండోవారు భార్య తండ్రి, రిటైరైన సర్వేయరు. కొలత గొలుసు పట్టుకుని బీళ్ళ వెంట తిరిగిన మనిషి కనక, కనుచూపుమేరలో ఇంకెవరూ లేకపోతేనే ఆయనకు ప్రాణం కుదుటపడుతుంది. తొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటున్నారు, ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడుకోరు. ఆయన వచ్చిన మొదటి వారంలో ఆవిడ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. "ఇంత గొంతు పెట్టుకుని మధ్యలో ఆ ఫోనెందుకమ్మా?" అన్నారాయన. అంతే, ఆ రోజుతో లైను తెగిపోయింది.

"జనం లేని చోటికెళ్ళి ఏం చెయ్యను, అలలతో కబుర్లు చెప్పుకోనా? రేవుకే వెళ్దాంరా. బజార్లుంటాయి, బ్యాండుంటుంది, బెంచీల నిండా మనుషులుంటారు" అంది తల్లి, గోడకేసి చూస్తూ.

"జనాన్ని చూడ్డానికి అంతదూరం దేనికి, బస్టాండుకెళ్తే చాలని చెప్పండి అల్లుడుగారూ" అన్నారు మామగారు పేపర్లోంచి తలెత్తకుండా. "పాయ అవతలి తిప్ప మీదైతే ఇసుక, గాలి, ఒక్క గెస్ట్‌హౌసు. మనిషికి అంతకన్నా ఏం కావాలి?"

"అక్కడ కొలవడానికి కూడా ఏం లేదని చెప్పరా ఆయనకి."

"నాకెక్కడైనా ఒకటే" అంది భార్య, కప్పులు తీస్తూ.

ఒకటే కాదని అతనికి తెలుసు. నెల క్రితం ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి, "ఎవరూ నన్ను పిలవని చోట నాలుగు రోజులు పడుండాలని ఉందండీ" అంది. ఆ మాట అతని మనసులో ముల్లులా దిగబడిపోయింది. ఎలాగైనా తిప్పకే తీసుకెళ్ళాలి. ఆ ముక్క అందరి ముందూ అనేస్తే సరిపోయేది. కానీ అమ్మ నొచ్చుకుంటుందని జంకాడు.

"ఓట్లు వేద్దాం. ఎక్కువ మంది ఏదంటే అదే" అన్నాడు.

భార్య పాత క్యాలెండరు కాగితం చింపి నాలుగు చీటీలు చేసింది. అతను లోపల లెక్కలు వేసుకున్నాడు. అమ్మది రేవు. అత్తగారి మాట కాదనలేక భార్యా రేవనే రాస్తుంది. మామగారిది తిప్ప, తనది తిప్ప. చెరి రెండూ అయితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని చొక్కా జేబులో దొరికిన ఇంకో కాగితం ముక్క మీద కూడా తిప్ప అని గీకి, రెండూ కలిపి బిస్కెట్ల డబ్బాలో వేశాడు. లెక్కపెట్టేది ఎలాగూ తనే. రేవు చీటీ ఒకటి అరచేతిలో దాచేస్తే ఎవరికీ అనుమానం రాదు.

"ఓటు వేసినవాడు లెక్కపెట్టకూడదు" అంది తల్లి ఉన్నట్టుండి.

"ఆవిడన్నది సబబే" అన్నారు మామగారు.

తొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరి మాటా కలిసింది అప్పుడే. అతను నోరు తెరిచేలోపు కింద వాటాలో ఉండే టైలరమ్మ కుట్టిన కిటికీ తెరలు ఇవ్వడానికి పైకొచ్చింది. తల్లి ఆవిడ చేతిలో డబ్బా పెట్టేసింది.

టైలరమ్మ దారం తెంపినంత జాగ్రత్తగా ఒక్కో మడతా విప్పింది. "తిప్ప." మామగారు తల పంకించారు. "తిప్ప." అతను కిటికీలోంచి బయటికి చూశాడు. "తిప్ప." భార్య నవ్వు దాచుకుంది. "ఇదీ తిప్పే!"

తల్లి చీర కొంగు సర్దుకుంటూ, "పిల్ల అలిసిపోయి ఉంది కదా అని రాశాన్లే. నాకు జనం ఎప్పుడైనా దొరుకుతారు" అంది. మామగారు పేపరు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. "చెల్లెమ్మా" అన్నారు. "మీది పెద్ద మనసమ్మా. ఆ వేళ నేనన్న మాట…"

"ఆగండాగండి, ఇంకోటుంది" అంది టైలరమ్మ. "ఇదీ తిప్పే."

మామగారు అలాగే నిలబడిపోయారు. తల్లి కొంగు సర్దడం ఆపేసింది.

"నలుగురికి ఐదు చీటీలెలా వస్తాయి?" అంది. "ఓహో. నేను మనసు చంపుకుని రాస్తే, కొందరు అదీ నమ్మక రెండేసి వేశారన్నమాట. కొలతల్లో హెచ్చువేయడం అలవాటున్నవాళ్ళకి ఇదో లెక్కా?"

"నా ముప్పై ఐదేళ్ళ సర్వీసులో ఒక్క అంగుళం తేడా రాలేదని చెప్పండి అల్లుడుగారూ!"

అప్పుడు చెప్పేసి ఉంటే ఇంకా బావుండేది. మహా అయితే ఓ పూట తిట్లు తిని ఊరుకునేవాడు. చెప్పడానికే నోరు తెరిచాడు కూడా. కానీ అందులోంచి వచ్చింది వేరే మాట. "ఐదోది టైలరమ్మగారిదమ్మా. ఆవిడ కూడా మనతో వస్తున్నారు. ఆవిడ తరఫున నేనే వేశాను."

అందరికన్నా ఎక్కువ నిర్ఘాంతపోయింది టైలరమ్మ. చీటీ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పదమూడేళ్ళయింది బాబూ నేనీ ఇంట్లో అద్దెకి దిగి. రామ్మా అని ఇంతవరకూ ఎవరూ ఎక్కడికీ పిలవలేదు" అంది. ఆ తర్వాత ఎవరేమనగలరు?

మర్నాడు ఆవిడే వచ్చి, "నాకు కుదిరేట్టు లేదు బాబూ, బడిపిల్లల నాటకానికి తెర కుట్టివ్వాలి, శుక్రవారం గడువు" అంది. ఈవిడ మానేస్తే ఐదో చీటీ మళ్ళీ అనాథైపోతుంది. "మిషను కూడా తెచ్చుకోండి, అక్కడే కుట్టుకోవచ్చు" అన్నాడు. తెచ్చుకుంది. దాంతోపాటు నీలం రంగు తెరగుడ్డ తాను ఒకటి.

ప్రయాణం రోజు పొద్దున కారు డిక్కీ మామగారి మడతకుర్చీతో, తల్లి రేడియోతో, పెట్టెలతో నిండిపోయింది. కారు నడిపేది భార్య. మోకాళ్ళు చాపుకోవాలి కనక ముందు సీటు మామగారిది. వెనక తల్లి, టైలరమ్మ, వాళ్ళ మధ్య కుట్టుమిషను, దాని ఒళ్ళో తెరగుడ్డ. కళ్ళజోళ్ళాయన తలుపు మూడు రకాలుగా వేసి చూశాడు.

"మిషను వదిలేసి వస్తాలే" అంది టైలరమ్మ.

"వద్దొద్దు! నేను బస్సులో వస్తాను" అన్నాడు.

"తిప్పకి కారు దారే గానీ బస్సు లేదు కదండీ?" అంది భార్య.

"రేవుకుంది. అక్కణ్ణించి పాయ దాటే లాంచీ ఎక్కుతా. సాయంత్రానికి మీ దగ్గరుంటా."

సాయంత్రానికి రేవు చేరాడు. గాలి ఎక్కువగా ఉందని లాంచీలు ఆపేశారు. రేపు చూద్దామన్నారు. రేపూ అదే మాట, ఎల్లుండీ అదే మాట. తల్లి కోరుకున్న బెంచీల మీద, తల్లి కోరుకున్న జనం మధ్య అతనొక్కడూ మూడు రోజులు కూర్చున్నాడు. బ్యాండు వాయిస్తూనే ఉంది. పక్కన కూర్చున్న ప్రతివాళ్ళూ ఎవరికోసం చూస్తున్నారని అడిగారు. మూడో రోజు ఒడ్డున అద్దెకిచ్చే దుర్భిణి తీసుకుని పాయ అవతలికి చూశాడు. ఇసుక మీద నీలం తెరగుడ్డ నీడలో భార్య పడుకుని ఉంది. టైలరమ్మ మిషను తిప్పుతోంది. నీళ్ళ అంచున రెండు ఆకారాలు పక్కపక్కన నడుస్తున్నాయి. ఒకటి చేతులు తిప్పుతూ ఆపకుండా మాట్లాడుతోంది, రెండోది వంగి వింటోంది. అతను అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అమ్మ, మామగారే.

ఆ మధ్యాహ్నం భార్యకు ఫోన్ చేశాడు.

"ఎంత హాయిగా ఉందో!" అంది ఆవిడ నిద్రమత్తులో. "ఎవరూ పిలవట్లేదండీ. ఫోను కూడా మీరొక్కరే."

"నీకో సంగతి చెప్పాలి. ఆ ఐదో చీటీ…"

"మీరే వేశారు. తెలుసు."

"ఎలా?"

"దాని వెనక 'కుడి కన్ను మైనస్ రెండున్నర' అని మీ దస్తూరీతో ఉంది. మిగతావి క్యాలెండరు కాగితాలు."

"మరి అప్పుడే అనలేదేం?"

"టైలరమ్మగారి మొహం చూశాక ఎలా అనను? అంతకన్నా, నాకు తిప్ప కావాలా అని మీరు నన్నొక్క ముక్క అడిగుంటే బావుండేది. నేనే పైకి చెప్పేదాన్ని. అత్తయ్య కాదనేవారు కాదు. ఇప్పుడు చూడండి, పక్కన మీరుండాల్సింది."

అలల చప్పుడు వాళ్ళ ఒడ్డున ఉన్నదో తన ఒడ్డున ఉన్నదో తెలీకుండా ఫోన్లో కలిసిపోతోంది.

"అమ్మకి, మామయ్యగారికి చెప్పావా?"

"చెప్పక్కర్లేకపోయింది. దార్లోనే ఇద్దరూ కనిపెట్టేశారు. అప్పట్నుంచీ మీ గురించే మాట్లాడుకుంటున్నారు. అన్నయ్యగారూ అంటే చెల్లెమ్మా అని. చిన్నప్పుడు మీరు చెప్పిన అబద్ధాలన్నీ అత్తయ్య చెప్తున్నారు, నాన్న విరగబడి నవ్వుతున్నారు."

నాలుగో రోజు పొద్దున గాలి తగ్గింది, మొదటి లాంచీలోనే అతను తిప్ప మీద దిగాడు. వాళ్ళు అప్పటికే పెట్టెలు సర్దేసుకుని, వచ్చే ఏడు అందరూ కొండలకు వెళ్ళాలని ఏకగ్రీవంగా తీర్మానించుకుని ఉన్నారు. ఆ అందరిలో తనున్నాడో లేదో అడిగే ధైర్యం అతనికి ఇంతవరకూ రాలేదు.