మంత్రిగారి చేతి చలవ

"ఈ ఆసుపత్రిలో ఏ క్రిమీ ఇక మన చేతుల్లోంచి తప్పించుకోలేదు!" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించిన రోజుకి సబ్బుల వ్యాపారి చేతిలో ఉన్నవి రెండే. ఆ ఆసుపత్రికి చేతులు కడుక్కునే సబ్బు ఎనిమిదేళ్ళుగా ఇస్తూ సంపాదించుకున్న మంచిపేరు ఒకటి. నాలుగో మంచం మీద, మోకాలి ఆపరేషన్ పుండు మానక మూలుగుతున్న అక్క రెండు.

మంత్రిగారిది వెన్నలాంటి మనసు. అంతకు వారం ముందే, ఆపరేషనయిన ఏడుగురి దగ్గరికీ వెళ్ళి, కట్ల మీద చెయ్యి వేసి మరీ పరామర్శించారు. ఫోటోలు బాగా వచ్చాయి. మూడోనాటికి ఏడుగురికీ చీము పట్టింది. దాంతో ఏ క్రిమి ఎవరి నుంచి వచ్చిందో పట్టిచ్చే డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్ యంత్రం తెప్పించారు. రిబ్బన్ కత్తిరించి, "మొదటి శాంపిల్ నాదే" అంటూ క్రిములు పెంచే ప్లేటు మీద ఐదు వేళ్ళూ ఆనించారు. చప్పట్లు మోగాయి.

నర్సులవి, డాక్టర్లవి, సబ్బు డబ్బాలవి కూడా శాంపిళ్ళు పరీక్షించాక ల్యాబ్ మేడమ్ సూపరింటెండెంట్ గదికి రిపోర్టు తెచ్చింది. వ్యాపారినీ పిలిపించారు.

"ఏడు పుళ్ళలోనూ ఉన్నది ఒకే క్రిమి సార్. డి.ఎన్.ఎ. చారలు అచ్చు గుద్దినట్టున్నాయి. అవే చారలు ఇంకొక్క ప్లేటులో కనిపించాయి."

"ఎవరిది?"

"మంత్రిగారిది."

అక్కడే కూర్చున్న మంత్రిగారి పి.ఎ. దిగ్గున లేచాడు. "నోరు జారకమ్మా! ఆ ఏడుగురిలో ముగ్గురు మా సార్ కంటే పెద్దవాళ్ళు. ఆయన పిల్లలెలా అవుతారు?"

"పిల్లలు కాదండీ, క్రిములు."

"అయితే మరీ అప్రతిష్ఠ!"

సూపరింటెండెంట్ గొంతు సవరించుకుని వ్యాపారి వైపు తిరిగాడు. "చూడవయ్యా, తప్పు చేతిది కాకపోతే సబ్బుదే కావాలి కదా. నాది నాసిరకం సబ్బు అని సంతకం పెట్టు. ఆర్డర్ రెట్టింపు చేయిస్తాం."

"నాసిరకం సబ్బుకా?"

"నాసిరకం కాబట్టే ఎక్కువ కావాలి."

వ్యాపారి మనసులో లెక్క వేసుకున్నాడు. పేరు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. కాలు పోతే ఏ బజార్లోనూ దొరకదు.

"ఆర్డర్ మీ ఇష్టం సార్. నాదొక్కటే షరతు. మంత్రిగారు మళ్ళీ వచ్చేలోగా మా అక్క మంచం ఆయన చెయ్యి అందనంత దూరం జరిపించండి."

అక్కని స్ట్రెచర్ మీద మోయించి పై అంతస్తులో పడుకోబెట్టారు. అక్కడికి లిఫ్టు లేదు. మంత్రిగారికి మెట్లు పడవు.

"ఒరేయ్, పేపరోళ్ళు నీ సబ్బుని ఉతికి ఆరేశార్రా" అంది అక్క.

"ఆరెయ్యనీ. నువ్వు కాలు కదుపు."

సోమవారం మంత్రిగారు, దోషి దొరికిన శుభవార్త చెప్పడానికి వచ్చి, మిగిలిన ఆరుగురి కట్ల మీదా స్వయంగా చెయ్యి వేసి ధైర్యం చెప్పారు.

నెల తిరిగేసరికి వ్యాపారికి మిగిలింది ఇదీ: ఫోటోతో సహా చెడ్డపేరు, తన కాళ్ళ మీద తాను మెట్లు దిగి ఇంటికొచ్చిన అక్క. కింది వార్డుకి కూడా లాభమే. మంత్రిగారు ఇంకో పన్నెండు మంచాలు శాంక్షన్ చేశారు.