రెండు లెవాల నల్ల గౌను

ఆ గురువారం పొద్దున బిల్యానా వేసుకున్న పథకం చాలా చిన్నది. పోస్టాఫీసులో పనికి వెళ్ళేముందు పాత బట్టల కొట్టులో దూరి, ఒంటికి పట్టేదీ, చూడ్డానికి బావుండేదీ, అన్నిటికన్నా ముఖ్యంగా పొట్టను దాచేదీ ఒక గౌను కొనుక్కోవాలి. సెవ్లియెవోలో ఆ కొట్టుకు శుక్రవారం కొత్త సరుకు వస్తుంది. ఆ రోజు ఆకాశంలో ఉన్న ధర రోజుకో మెట్టు దిగి, గురువారానికి ఏది తీసుకున్నా రెండు లెవాలే. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు చర్చి పండగలు గుర్తుండకపోవచ్చు గాని గురువారం మాత్రం మరిచిపోరు.

బిల్యానాకు ఐదో నెల. బట్టల విషయంలో అది అటూ ఇటూ కాని కాలం. ప్యాంటు బొత్తాం కాజాదాకా రానని మొరాయిస్తే, రెండింటి మధ్యా జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండు రాయబారం నడుపుతోంది. గర్భిణుల బట్టలు చూద్దామంటే ఒక్కో గౌనులో ఆమెతో పాటు ఇంకో ఇద్దరు పడతారు, ధర కూడా ముగ్గురూ కలిసి కట్టేలా ఉంటుంది. చూసేవాళ్ళకు ఆమె కడుపుతో ఉన్నట్టు అనిపించదు, వారం రోజులుగా బనిట్సాలనే జున్ను రొట్టెలు కాస్త ఎక్కువ తిన్నట్టు అనిపిస్తుంది.

దాచడానికి కారణం ఉంది. కిందటేడు మూడో నెలలోనే ఊరంతా చెప్పుకున్నారు. అత్త దోబ్రింకా పసుపు ఊలు కొని అల్లడం కూడా మొదలుపెట్టింది. ఆ తర్వాత కడుపు నిలవలేదు. సంతోషంగా ఎంతమందికి చెప్పిందో అంతమందికీ మళ్ళీ వెళ్ళి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తిరుగుడు బిల్యానా ఇంకోసారి తిరగలేదు. అందుకే ఈసారి సోమవారం డాక్టరు స్కానింగ్ చేసి అంతా బావుందని చెప్పేదాకా మొగుడు ప్లామెన్‌కి తప్ప మూడోమనిషికి తెలియకూడదని ఒట్టు పెట్టుకుంది. చిక్కల్లా శనివారం. ఆ రోజు దోబ్రింకా పుట్టినరోజు. మోకాళ్ళ నొప్పులకని వేడినీటి ఊట ఊరికి వెళ్ళి పది రోజులైంది, ఆ పొద్దున్నే బస్సులో దిగుతుంది. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కిన మనిషి. రబ్బరు బ్యాండు ఆవిడ కంట పడకుండా తప్పించుకోవడం కల్ల.

కొట్టులో బిల్యానాకు పట్టినవి రెండే. ఒకటి రామచిలకల బొమ్మలున్న నారింజరంగు చొక్కా. రెండోది ఎదకింద కుచ్చులతో మెత్తగా జారే నల్ల గౌను. అద్దంలో చూసుకుంటే పొట్ట మాయం, మెడ పొడుగు, మొహంలో కళ. చాలా రోజుల తర్వాత ఆమెకు తాను అందంగా ఉన్నాననిపించింది.

"నీకోసమే కుట్టినట్టుందమ్మాయ్," అంది కొట్టామె. "కాకపోతే ఆ నలుపు..."

"నలుపే కావాలి," అంది బిల్యానా, దాన్ని అక్కడే తొడుక్కుని ఆఫీసుకు వెళ్ళిపోయింది.

శుక్రవారమూ అదే వేసుకుంది. ఉన్నదదొక్కటే మరి. వరసగా రెండో రోజు తలనుంచి కాళ్ళదాకా నలుపులో కౌంటరు వెనక కూర్చుంటే, పింఛను కోసం నిలబడ్డ ముసలమ్మలంతా గప్‌చుప్ అయిపోయారు. ఒకావిడ చేతిమీద తట్టి చాక్లెట్టు పెట్టింది. ఇంకొకావిడ కళ్ళు తుడుచుకుంది. బిల్యానా గబుక్కున కిందికి చూసుకుంది. పొట్ట కనిపిస్తోందన్నమాట! వెంటనే ఇంటికి ఫోను చేసి ప్లామెన్‌తో నల్ల శాలువా తెప్పించుకుని ముందుకు కప్పుకుంది. అది చూసి ముసలమ్మలు గుండెలమీద సిలువ గుర్తు వేసుకున్నారు.

సాయంత్రం ఇంటికొస్తుంటే అపార్టుమెంటు మెట్లదగ్గర పెన్కా అడ్డం తగిలింది. పెన్కా ఆ మెట్లదారిలో ఉన్న వాటాలన్నిటికీ పెద్ద. దీపాల ఖర్చు వసూలు చెయ్యడం, తలుపుమీద ప్రకటనలు అంటించడం, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలుసుకోవడం ఆవిడ పని. మొదటి రెండింటికే ఎన్నుకున్నారు, మూడోది ఆవిడ చొరవ.

"నాకైనా చెప్పమ్మా," అంది గొంతు తగ్గించి. "నిజమేనా?"

ఇక దాచి లాభం లేదనుకుంది బిల్యానా. "మీకెలా తెలిసింది, పిన్నీ?"

"నీ ఒంటిమీద కనిపిస్తుంటే తెలీదా! ఎప్పుడు?"

"ఇప్పుడేం అడక్కండి. సోమవారం డాక్టరు కాగితం ఇస్తాడు, అప్పుడు మేమే అందరికీ చెప్తాం. అంతదాకా మీరు ఎవరికీ చెప్పొద్దు, మీ కాళ్ళు పట్టుకుంటా."

"అయ్యో, మా దోబ్రింకా!"

"అత్తయ్య సంగతి తలుచుకుంటేనే ఏడుపొస్తోంది, పిన్నీ," అంది బిల్యానా, ఆ పసుపు ఊలు గుర్తొచ్చి. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఒంటిమీద చావుబట్టల నలుపు, కళ్ళలో నీళ్ళు, పెన్కాకు ఇంకేం కావాలి? అదే మెట్లదారిలో దోబ్రింకా వాటా కిటికీలు పది రోజులుగా మూసి ఉన్నాయి. ఫోను చేస్తే పలకలేదు. దోబ్రింకా ఆ సమయానికి ఫోను గదిలో పడేసి మెడదాకా వేడినీళ్ళలో ఉందని పెన్కాకు ఎవరు చెప్పాలి? శవం పరాయి ఊరి ఆస్పత్రిలో ఉంది, డాక్టరు కాగితం సోమవారానికి గాని రాదు, పాపం పిల్లలు గుట్టుగా కుమిలిపోతున్నారు, అని ఆవిడ నిర్ణయానికొచ్చింది.

అదే సమయంలో, పోస్టాఫీసు గుసగుసలు విన్న మూడో అంతస్తు మిత్కో ముసలాయన ప్లామెన్‌ని లిఫ్టులో పట్టుకుని గట్టిగా వాటేసుకున్నాడు.

"దిటవుగా ఉండరా అబ్బాయ్. మగాడన్నాక ఈ రోజు రాక తప్పదు."

బిల్యానా ఎవరికో చెప్పేసిందనుకున్నాడు ప్లామెన్. మొహం చేటంత అయింది. "థాంక్స్ బాబాయ్! నిజం చెప్పాలంటే, మేం రెండేళ్ళుగా దీనికోసమే ఎదురుచూస్తున్నాం."

మిత్కో రెండో అంతస్తులోనే దిగి, మిగతాది మెట్లెక్కి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే బిల్యానా అత్త పుట్టినరోజుకని పూలకొట్టుకు వెళ్ళింది. పూలామె శాలువా చూసి, మారు మాట్లాడకుండా ఆరు కార్నేషన్లు కట్టి ఇచ్చింది. మా ఊళ్ళో బతికున్నవాళ్ళకు బేసి, పోయినవాళ్ళకు సరి. మామూలుగా అయితే బిల్యానా లెక్క చూసుకునేది. ఆ రోజు పొట్ట లోపలికి పీల్చి నిలబడ్డంతోనే సరిపోయింది.

పెన్కా మాట తప్పే మనిషి కాదు. ఎవరికీ చెప్పొద్దంది బిల్యానా, ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అంటించింది. శనివారం తెల్లారేసరికి మెట్లదారి తలుపుకు నల్ల రిబ్బను, దానికింద దోబ్రింకా ఫొటోతో చావు కాగితం వెలిశాయి. బస్టాపుకొకటి, దారిపొడుగునా చెట్లకు ఆరు. ఫొటో కిందటి కొత్త సంవత్సరం విందులో తీసింది, అందులో దోబ్రింకా చేతిలో ఉన్న రాకియా సారా గ్లాసును పెన్కా మర్యాదగా కత్తిరించేసింది. ప్లామెన్ చీకటితోనే గొర్రెమాంసం కోసం పక్కూరు వెళ్ళిపోవడం వల్ల ఇవేవీ చూడలేదు.

పదకొండు గంటలకు తలుపు చప్పుడైంది. పుట్టినరోజు విందుకు ఎవరో ముందే వచ్చారనుకుని బిల్యానా నల్ల గౌను సర్దుకుని, శాలువా కప్పుకుని, పూలు చేతపట్టుకుని తలుపు తీసింది. ఎదురుగా పెన్కా, మిత్కో, మరో ఐదారుగురు. పెన్కా చేతిలో పంచదార చల్లిన ఉడికించిన గోధుమలు. చనిపోయినవాళ్ళ పేర తప్ప ఇంకెందుకూ వండరు వాటిని. బిల్యానా నోరు తెరిచి "ఎవరు పోయారు?" అని అడగబోయింది.

"అరవై నాలుగేళ్ళట!" అని కింది మెట్లనుంచి ఒక గొంతు ఖంగుమంది. "నాకు నిండినవి అరవై రెండు! అవీ ఇవాళే!"

దోబ్రింకా ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో దారిపొడుగునా పీక్కొచ్చిన ఎనిమిది కాగితాలూ పట్టుకుని పైకొచ్చింది. మిత్కో గోడకు చేరగిలబడ్డాడు. పెన్కా మాత్రం గిన్నె వదల్లేదు. ఐదింటినుంచి ఉడికించిన గోధుమలు మరి.

"నువ్వేనా ఇది రాసింది? 'మరపురాని పొరుగుమనిషి' అట. నిరుడు నా మూలంగానే మెట్లమీద లైటు పోయిందని గొడవ పెట్టుకున్నావుగా?"

"చచ్చిపోయావనుకున్నాక అవన్నీ ఎందుకు రాస్తాం దోబ్రింకా," అంది పెన్కా బిక్కచచ్చిపోయి. "నీ కోడలు మూడు రోజులనుంచి నల్లబట్టల్లో ఉంది. తనే ఒప్పుకుంది కూడా."

అందరి తలలూ బిల్యానా వైపు తిరిగాయి. ఇప్పుడు ఒక్క మాట చెబితే చాలు, చావు గొడవ తీరిపోతుంది. ఆ ఒక్క మాటా చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. కిందటేడు ఇదే మెట్లమీద ఇదే మనుషులు ఒక్కొక్కరే తల నిమిరి వెళ్ళడం కళ్ళముందు మెదిలింది. ఇంకో రెండు రోజులు, రెండే రోజులు ఆగితే బావుండునని దేవుణ్ణి వేడుకుంది.

దోబ్రింకా కోడలి మొహం చూసింది. చేతిలో పూలు చూసింది, లెక్కపెట్టింది. తర్వాత చూపు గౌను అంచుదాకా దిగి అక్కడే ఆగింది. గౌను వెనక మోకాళ్ళ కిందికి ఉంది, ముందు రెండు వేళ్ళ మేర పైకి లేచింది. ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కిన మనిషికి అంచు ఎందుకు లేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది.

"పోయింది నేను కాదు," అంది నెమ్మదిగా, అందరి వైపూ తిరిగి. "మా పెదనాన్న కూతురు రాయ్నా. డోబ్రిచ్‌లో ఉండేది. నా కోడలికి ఆవిడంటే ప్రాణం. సోమవారం దాకా నల్లబట్టలు తియ్యదు. మీరెవరూ దాన్ని ఏమీ అడక్కండి."

"ఆమెను దేవుడు క్షమించుగాక," అన్నారంతా ఒక్క గొంతుతో, హమ్మయ్య అనుకుంటూ. అక్కడే మెట్లమీద నిలబడి గోధుమలు తిన్నారు. దోబ్రింకా కూడా తింది. పంచదార తక్కువైందని పెన్కాతో చెప్పింది కూడా.

తలుపు మూసుకున్నాక దోబ్రింకా, పుట్టనే పుట్టని రాయ్నా పేర ఒక సిలువ గుర్తు వేసుకుని, కోడలి వైపు తిరిగింది.

"మీకు చెప్పకూడదని కాదు అత్తయ్యా... భయమేసింది."

"నాకూ భయమేనే పిల్లా," అంది దోబ్రింకా. "నేనేం చూడలేదు. సోమవారం నువ్వు చెప్పాక వింటా. ఆ కుర్చీ ఎక్కు, ముందు అంచు దింపుతా. ఇంత మంచి గుడ్డని ఇలా వేలాడేసుకుని తిరుగుతారా?" గుండుసూదులు పళ్ళమధ్య పెట్టుకుని నేలమీద కూర్చుంది. మోకాళ్ళ మాటే ఎత్తలేదు.

సోమవారం డాక్టరు తెరమీద గుండె చూపించాడు, తల చూపించాడు, అంతా సవ్యంగా ఉందని రెండుసార్లు చెప్పాడు. బిల్యానా రెండుసార్లూ ఏడ్చింది, ప్లామెన్ మూడుసార్లు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది, ఈసారి తిరిగి చెప్పుకోవలసిన అవసరం పడలేదు.

నలభయ్యో రోజున, ఆచారం తప్పకుండా, పెన్కా రాయ్నా పేర మళ్ళీ గోధుమలు ఉడికించి తెచ్చింది. ఆవిడ గురించి తెలుసుకోకుండా తినడం బావుండదని, ఎలాంటి మనిషని అడిగింది.

"చాలా మంచిది," అంది దోబ్రింకా గిన్నె అందుకుంటూ. "పుట్టి బుద్ధెరిగాక ఒక్కరి విషయంలోనూ తల దూర్చలేదు."